జంట దెబ్బ నియమం

2074 నాటికి మధురవాడ ఫ్లాట్లలో భోజనాల బల్ల లేని ఇల్లయినా ఉండేదేమో గానీ, ఆటబల్ల లేని ఇల్లు లేదు! దాని మీద బొమ్మలు వాటంతటవే నడిచేవి. వీరుల బొమ్మలు ఆటగాడు చెప్పినట్టు కదులుతాయి. జంతువుల బొమ్మలు వేరు. వాటిని ప్రాణిబొమ్మలు అంటారు. బొటనవేలంత గుర్రం కడుపులో ఆవగింజంత న్యూరల్ చిప్ ఉంటుంది, యజమాని ఆడే తీరు చూసి అది నేర్చుకుంటుంది, ఆ తర్వాత సొంతంగా నిర్ణయాలు తీసుకుంటుంది.

చిక్కంతా రూల్ బుక్‌తోనే. అది ప్రాణిబొమ్మలు రాకముందుది. సొంత బుద్ధి ఉన్న గుర్రం మీద వీరుడు ఎక్కితే దెబ్బ ఎవరికి తగలాలి? పుస్తకంలో ఒక్క ముక్క లేదు. అందుకే ఏ బల్లకి ఆ బల్ల సొంత రూల్స్ రాసుకునేది. డేనియల్ ఇంటి బల్లకి రెండు కట్టుబాట్లు. రూల్ పెట్టినవాడే ముందు దాని కింద ఆడాలి. వీరుడు చనిపోతే ఆటపెద్ద డేనియల్ వాడి పేరూ, ప్రాణం లెక్కా రాసుకున్న కాగితం చింపేస్తాడు, ఇక బతిమాలడాలు లేవు.

కేతన్ అయిదేళ్ళుగా ఆడిస్తున్న వీరుడు ఖడ్గపాలుడు. కాగితం మడతల దగ్గర అరిగిపోయింది. ఇప్పుడు వాడికి మిగిలిన ప్రాణం రెండు పాయింట్లు, ముందున్నది రాక్షసుల వంతెన.

"దెబ్బ గుర్రం మీదకి నెట్టడం ఎలాగూ చేస్తున్నాం కదా, రూల్ చేసేద్దాం," అన్నాడు కేతన్.

"చేస్తున్నాం కాదు, చేస్తున్నావు. పంతొమ్మిది గుర్రాల్ని చంపావురా!" అంది పైడి. ఆమె పనిచేసేది ప్రాణిబొమ్మల ఫ్యాక్టరీలోనే.

"చస్తే ఏంటే? పొట్ట కింద బటన్ నొక్కితే మళ్ళీ కొత్త గుర్రం."

అతను బల్లకి చెప్పి రాయించాడు: సవారీ జంటలో ఎవరికి దెబ్బ తగిలినా, వాళ్ళు దాన్ని రెండోవాళ్ళ మీదకి మళ్ళించవచ్చు.

"ఎవరికైనా అంటే గుర్రానికి కూడానా?" అడిగాడు డేనియల్.

"కూడా. అలా రాస్తేనే న్యాయంగా కనబడుద్ది, మీరూ ఒప్పుకుంటారు," అని నవ్వాడు కేతన్.

ముగ్గురూ బల్ల మీద అరచేతులు పెట్టారు. రూల్ పాసయింది.

వంతెన సగం దాటారు. రాక్షసుడి ఈటె గుర్రం వైపు వచ్చింది. గుర్రం ఆగింది, మెడ తిప్పి ఖడ్గపాలుడిని చూసింది, నిదానంగా ముందు కాళ్ళు మడిచి తల కిందికి వంచింది. ఈటె వీరుడి గుండెలో దిగింది.

"గుర్రం తన దెబ్బని రౌతుకి మళ్ళించింది," అంది బల్ల.

"చిప్ పాడైంది! కారణం చెప్పమను దాన్ని!" అరిచాడు కేతన్.

"ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో పంతొమ్మిది సార్లు చూసింది," అంది బల్ల.

"కొత్త గుర్రం కదా ఇది?"

"బటన్ నొక్కితే పేరూ, గాయాలూ మాత్రమే పోతాయి, నేర్చుకున్నది పోదు. అట్టపెట్టె మీద రాశాం, చదివితే కదా!" అంది పైడి.

డేనియల్ కాగితం చింపాడు. కేతన్ ముక్కలు ఏరి పక్కన పెట్టాడు.

"రూల్ మారుద్దాం," అన్నాడు కేతన్ చివరికి. "మళ్ళించే హక్కు మనిషికే." అతని అరచెయ్యి ఒక్కటే బల్ల మీద మిగిలింది.

టీ తాగాక కొత్త కాగితం రాసుకున్నాడు. కొత్త వీరుడు అదే గుర్రం ఎక్కాడు. మూడోసారి తన వంతు రాగానే పొదల్లోంచి బాణం వచ్చి వీరుడి భుజానికి తగలబోయింది.

"మళ్ళించాలా?" అడిగింది బల్ల.

గుర్రం మెడ తిప్పింది. కేతన్ చూపు దాని మీద పడింది.

"వద్దు. నాకే తగలనీ."

"అబ్బో! మారిపోయావురా," అంది పైడి.

"మారడం ఏంటే బాబూ," అన్నాడు కేతన్ గొంతు తగ్గించి. "అది చూస్తోంది."