కండెకిట్టు అభిమాని

“ఎర ఎవరు సార్?”

“నీ సిద్ధరాములు కాకా.”

కారు అద్దాలు నల్లవి. చీఫ్ ముఖంలో ఏ భావమూ లేదు. ఏజెంట్ సాయికిరణ్ ముందుకు వంగాడు.

“రక్షణ కోసమే రప్పిస్తున్నామన్నారు కదా! ఆయనకైనా చెప్పారా?”

“చెబితే ఎర ఎలా అవుతాడు?”

బ్రీఫింగ్ అంతే. సిద్ధరాములు ఒకప్పుడు నౌకాదళానికి కోడ్ మెషీన్ తయారుచేసిన ఇంజనీరు. దానికి మరమ్మతు తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయన్ని లేపేస్తే చాలని ఓ విదేశీ ముఠా కాచుకుని కూర్చుంది. రిటైరయ్యాక ఆయన మారుపేరుతో పిల్లలకు ‘కండెకిట్టు’ కామిక్స్ గీసి, తర్వాత అదీ మానేసి ఎవరి కంటా పడకుండా బతుకుతున్నాడు. రేపు తెలుగు నేతగాళ్లుండే సోలాపూర్ దాజీ పేట్‌లో కామిక్ కన్వెన్షన్. పేరు ఘనం, జనం గుప్పెడు. ఆయన తొలిసారి పాఠకుల ముందుకు వస్తున్నాడు.

వచ్చేలా చేసింది సాయికిరణే. వానాకాలం నుంచీ అభిమానిలా ఉత్తరాలు రాశాడు. సొంత పేరుతోనే రాయమన్నాడు చీఫ్. మగ్గాల పేటల్లో దొంగ పేరు చెబితే ఇంటిపేరు, సొంతూరు, మేనమామ దాకా ఆరా తీస్తారు మరి. ఉత్తరాల్లో ఏం పొగడాలో ఆఫీసు చెప్పేది. కండెకిట్టు బొమ్మల్లో ఒక్కటీ అతను చూడలేదు.

మర్నాడు పవర్‌లూమ్ షెడ్డు గేటు దగ్గర నల్ల కళ్లద్దాలతో ఋతుజ నిలబడి ఉంది. కన్వెన్షన్ నిర్వాహకురాలు, లోకల్ ఏజెంట్. ఆమె నవ్వితే ఏజెంట్లు కోడ్‌వర్డ్ మరిచిపోతారని డిపార్ట్‌మెంట్‌లో ప్రతీతి.

“చద్దర్ ఉతికితే రంగు పోతదా?” అన్నాడు సాయికిరణ్.

“మనిషి పోతడు, రంగు పోదు.” ఆమె పక్కకు జరిగింది. “నేను కూడ ఇక్కడి మగ్గాల పిల్లనే. ఫికర్ చెయ్యకు.”

లోపల సగం మగ్గాలు ఆపి బల్లలు వేశారు. సాయికిరణ్ మెటల్ డిటెక్టర్ కళ్లజోడు పెట్టుకున్నాడు. అందరి జేబుల్లోనూ ఎర్ర చుక్కలు! ఆటోగ్రాఫ్ కోసం వచ్చినవాళ్ల దగ్గర పెన్నులు కాక ఇంకేముంటాయి? కళ్లజోడు తీసి జేబులో పడేశాడు.

“అరె, వచ్చినవా పోరడా!” పేరు చెప్పగానే సిద్ధరాములు షెడ్డు అదిరేలా అరిచి, అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. “నీ ఉత్తరాలు సదివి మా చంద్రభాగ ఏడ్సింది తెల్సా? మల్ల గియ్యమని జిద్దు చేసింది.”

చంద్రభాగ ఆయన భార్య. ఆమె డబ్బా విప్పి జొన్న భాకరీ, పల్లీల చట్నీ పెట్టింది. తింటుంటే నిజం చెప్పెయ్యాలనిపించింది. చెప్పలేదు. చెబితే మిషన్ పోతుంది, చెప్పకపోతే మనిషి పోతాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సిద్ధరాములు వెళ్లి సంతకాల బల్ల దగ్గర కూర్చున్నాడు.

“ఇప్పుడు కండెకిట్టు బొమ్మ చద్దర్ నేస్తం, సూడండి!” అని ప్రకటించి ఋతుజ స్విచ్ వేయించింది. మగ్గాలన్నీ ఒక్కసారి మోత పెట్టాయి. ఆమె వచ్చి సాయికిరణ్ చెవికి నోరానించి అరిచింది. “నేను వెనక గేటు సూస్త!”

అతను తలూపాడు. షెడ్డు అవతల సిద్ధరాములు వంచిన తల ఎత్తకుండా ఎవరి పుస్తకంలోనో బొమ్మ వేస్తున్నాడు. సాయికిరణ్ ఇక ఓర్చుకోలేకపోయాడు. ఈ మోతలో ఎవరికి వినబడుతుందని?

“మాఫ్ జెయ్ కాకా. నేను నీ అభిమానిని గాదు. నిన్ను ఎరగ తెచ్చిన.”

సిద్ధరాములు పెన్ను ఆగిపోయి ఉంది. ఆయన ఎప్పుడు తలెత్తాడో, అతన్నే చూస్తున్నాడు.

ఆయనా మగ్గాల పేటవాడేనని సాయికిరణ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. మగ్గాల మోతలో పుట్టి పెరిగినవాళ్లు చెవులతో వినరు, పెదవులు చూసి మాట పట్టుకుంటారు. ఇదే ఊళ్లో భవానీ పేట్‌లో తనూ అలాగే పెరిగాడు. ఇక్కడ మగ్గం నడుస్తుంటే చెవిలో అరిచేవాళ్లు ఉండరు.

మరి మగ్గాల పిల్లనన్న ఋతుజ?

ఆమె వెనక గేటు దగ్గర లేదు. సిద్ధరాములు వెనక నిలబడి ఫౌంటెన్ పెన్ మూత తిప్పుతోంది. మొన ఆయన మెడకు గురిపెట్టి ఉంది. పరుగెత్తినా అందుకోలేడు. మోసగాణ్నని ఇప్పుడే ఒప్పుకున్నవాడి మాట ఆయన నమ్ముతాడా?

“కాకా, వంగు!”

ఆయన వంగాడు.

పెన్ పిస్టల్ పేలిన శబ్దం మగ్గాల్లో కలిసిపోయింది. తూటా ఎదురుగా మగ్గం మీద సగం నేసిన కండెకిట్టు బొమ్మ నుదుట్లో దిగింది. ఆమె పెన్నులో రెండో తూటా నింపేలోపు సాయికిరణ్ పరుగెత్తి, బల్ల మీదుగా దూకి ఆమె మణికట్టు మెలితిప్పాడు.

పోలీసులు ఆమెను తీసుకెళ్లాక మగ్గాలు ఆపారు.

“ఎందుకు వంగినవ్ కాకా?” అన్నాడు సాయికిరణ్, తలెత్తకుండా.

“ఒప్పుకునేటప్పుడు నీ కండ్లల్ల నీళ్లు సూసిన.” ఆయన బల్ల మీది పుస్తకాలు సర్దాడు. “నా బుక్కు ఒక్కటన్న సదివినవా?”

సాయికిరణ్ పెదవులు చప్పుడు లేకుండా ‘లేదు’ అన్నాయి.

సిద్ధరాములు కొత్త పుస్తకం ఒకటి అతని చేతిలో పెట్టి, చంద్రభాగను తీసుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. మొదటి పేజీలో అంకితం, అచ్చు అక్షరాల్లో: ‘భవానీ పేట్ సాయికిరణ్‌కు. నీ ఉత్తరాలు రాకుంటే ఈ ముసలివాడు మళ్లీ పెన్సిల్ పట్టేవాడు కాదు.’

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పలికింది. “శభాష్! నీ పేరు బయటపడలేదు కదా?”

సాయికిరణ్ ఆ పేజీని మళ్లీ చదివాడు.

“అచ్చయిపోయింది సార్.”