మొగల్తూరు అక్కచెల్లెళ్ళు

"ఇక్కడ రొయ్యలు తీసుకోమండీ," అంది దుర్గాశ్రీ.

ఎదురుగా ఓ కుర్రాడు తెల్లటి థర్మాకోల్ పెట్టెని రెండు చేతులతో పొదివి పట్టుకుని నిలబడ్డాడు. పెట్టె మీద భీమవరం ఐస్ ఫ్యాక్టరీ పేరు. లోపల్నించి ఎంత కడిగినా పోని చేపల వాసన.

"రొయ్యలు కాదండి. మా తాతగారండి."

దుర్గాశ్రీ చేతిలో పెన్ను కింద పడింది.

"అంటే, ఆయన తీసిన ఫోటోలండి," అన్నాడతను కంగారుగా. "గాజు పలకల మీదవి. నరసాపురంలో ఆయనకి స్టూడియో ఉండేదండి. పగలకుండా తేవాలంటే మా ఫ్యాక్టరీలో ఇంతకంటే మంచి పెట్టె దొరకలేదు."

రాజమండ్రిలోని ఆ చరిత్ర కేంద్రానికి రకరకాల మనుషులు వస్తుంటారు. తాతల నాటి ఊరి మ్యాపు కావాలని ఒకరు, మూతపడిన బడి రిజిస్టర్లో పుట్టిన తేదీ చూసుకోవాలని ఇంకొకరు. అందరూ అడిగేవాళ్ళే. ఇవ్వడానికి వచ్చినవాడు, దుర్గాశ్రీ ఆ ఉద్యోగంలో చేరాక, ఇతనే మొదటివాడు. పేరు ఉదయభాస్కర్.

ఆఫీసరు శివరామకృష్ణగారు పలకల్ని వెలుతురుకి పెట్టి చూసి పొంగిపోయారు.

"వీళ్ళెవరో తెలియకపోతే ఇవి ఉత్త గాజుముక్కలే బాబూ. ప్రతి శనివారం వచ్చి మా దుర్గాశ్రీకి పేర్లు చెప్పి వెళ్ళాలి నువ్వు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు భాస్కర్. మాట శివరామకృష్ణగారికి, చూపు దుర్గాశ్రీకి.

అలా శనివారాలు మొదలయ్యాయి. ఆమె ఒక్కో పలకనీ స్కాన్ చేసి తెర మీద పెట్టేది. అతను పేరు చెప్పేవాడు.

"ఈయనెవరండీ?"

"మునసబుగారండి."

"మీకెలా తెలుసు?"

"ఆ మీసం చూడండి. మునసబు కాకపోతే ఇంకెవరుంటారు?"

"మీసాన్ని బట్టి పేర్లు రాసుకుంటే దీన్ని ఆర్కైవ్ అనరండీ, సెలూన్ అంటారు."

అతను నవ్వేవాడు. ఆ నవ్వు కోసం ఆమె మరో మాట వెతుక్కునేది. కొన్నాళ్ళకి శనివారం పొద్దున్నుంచే ఆమె కళ్ళు గేటు మీదికి పోవడం మొదలుపెట్టాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంది. శివరామకృష్ణగారు మాత్రం కిటికీ పక్కనున్న ఆమె కుర్చీని ఎందుకో గోడ పక్కకి మార్పించారు.

ఓ శనివారం వాన దంచి కొడుతోంది. భాస్కర్ ఇంకా రాలేదు. దుర్గాశ్రీ ఒక్కతే ఓ పలక తీసింది. దాని కవరు మీద 'మొగల్తూరు అక్కచెల్లెళ్ళు' అని రాసి ఉంది. తెర మీద ఇద్దరు పిల్లలు లంగా ఓణీల్లో ప్రత్యక్షమయ్యారు. ఒకమ్మాయి సరిగ్గా నడిమధ్యలో మెరిసిపోతోంది. రెండో అమ్మాయి ఎక్కడో అంచున ఉంది, ఒక భుజం ఫోటోలో పడనే లేదు.

ఆ అంచున ఉన్న మొహం దుర్గాశ్రీదే. ఆమెది కాదు, వాళ్ళ నాన్నమ్మ సంపూర్ణమ్మది. సంతోషంతో కేక వేయబోయింది.

అంతలో తడిసి ముద్దయిన భాస్కర్ లోపలికొచ్చి తనే కేకేశాడు.

"మా నాన్నమ్మండీ! ఆ మధ్యలో ఉన్నావిడ. వీరవేణి. మా తాతగారు తర్వాత ఈవిడనే పెళ్ళి చేసుకున్నారు!"

దుర్గాశ్రీ తెర అంచుకి వేలు చూపించింది.

"పక్కనున్నావిడ ఎవరండీ?" అంది.

"చెల్లెలని రాసుందిగా. నేను చూడలేదండి. అసలు మా నాన్నమ్మే నేను పుట్టకముందు పోయింది, ఇంట్లో గోడ మీద ఫోటోలో చూడ్డమే."

దుర్గాశ్రీ లెక్క వేసుకుంది. నాన్నమ్మలిద్దరూ అక్కచెల్లెళ్ళయితే వాళ్ళ కొడుకులు అన్నదమ్ములు. ఆ అన్నదమ్ముల పిల్లలు... మళ్ళీ మొదట్నించీ వేసింది. ఎటు నుంచి వేసినా అక్కడికే వస్తోంది.

వరండాలోకి పరిగెత్తి మొగల్తూరుకి ఫోన్ చేసింది.

"నాన్నమ్మా! వీరవేణి అంటే ఎవరు? నీకేమవుతుంది?"

"ఎవరూ, వీరవేణక్కా!" అటువైపు ముసలి గొంతు ఒక్కసారిగా వణికింది. "అక్కే! మా అక్కేనే! దాని పేరు నీకెవరు చెప్పారే?"

వాన హోరులో లైను తెగిపోయింది.

మళ్ళీ చేసి అడగడానికి ఇక సందేహం ఏముంది? ఫోటోలు తీసేవాణ్ణి ప్రేమించి పెళ్ళి చేసుకుని ఉంటుంది. అందుకే ఇంట్లో ఆవిడ పేరెత్తి ఉండరు. నాన్నని అడగొచ్చు. కానీ అడిగితే, నీకెందుకు అంటాడు.

లోపలికొచ్చేసరికి భాస్కర్ రెండు గ్లాసులతో టీ పట్టుకుని ఉన్నాడు.

"తీసుకోండి, చల్లారిపోతుంది."

"వద్దు," అంది. తర్వాత కళ్ళు మూసుకుని, చేదు మాత్ర మింగుతున్నట్టు, "అన్నయ్యా," అంది.

సగం టీ అతని చొక్కా మీద పడింది.

"ఏమన్నారండీ?"

"అన్నయ్యా అన్నాను."

భాస్కర్ గ్లాసులు బల్ల మీద పెట్టి, గదిలోనే హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఓ అమ్మాయి అలా పిలిస్తే కుర్రాళ్ళకి తెలిసే అర్థం ఒక్కటే. ఆ సంగతి దుర్గాశ్రీకి అతని బైకు చప్పుడు వినబడకుండా పోయాక గానీ తట్టలేదు.

తర్వాతి శనివారం అతను రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. ఫోన్ చేసి చెబుదామనుకుంది. ఏమని చెప్పాలి? ఇష్టం లేక కాదు, వరస కలవక అలా పిలిచానంటే, ఇష్టం ఉందని చెప్పినట్టే కదా! ఫోన్లో అతని పేరు 'భాస్కర్ అన్నయ్య' అని మార్చింది. చూసుకుని ఏడుపొచ్చి మళ్ళీ 'భాస్కర్' అని మార్చింది. తను చేసింది సరైన పనే అయితే అన్నం ఎందుకు సయించడం లేదో ఆమెకి బోధపడలేదు.

శివరామకృష్ణగారు ఆ ఫోటోల్ని పెద్దవి చేయించి, 'వీళ్ళు మీకు తెలుసా?' అని హాల్లో ప్రదర్శన పెట్టారు. పేపర్లో వార్త వచ్చింది. జనం వచ్చి మా మావయ్యంటే మా మావయ్యని వాదించుకున్నారు. పలకలిచ్చినవాడు రాకపోతే బావుండదని శివరామకృష్ణగారు భాస్కర్‌ని బలవంతాన రప్పించారు. అతను దుర్గాశ్రీకి దూరం నుంచే దణ్ణం పెట్టాడు.

"బావున్నారా చెల్లెమ్మగారూ?"

ఆమె తల దించేసుకుంది.

మధ్యాహ్నం, పేపర్లో వార్త చూసి, దుర్గాశ్రీ తండ్రి సురేంద్ర కార్లో నాన్నమ్మని తీసుకొచ్చాడు. సంపూర్ణమ్మ నిలువెత్తు ఫోటో ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకుంది.

"ఒసే దుర్గా, నన్ను సగం నరికేశాడే ఆ ఫోటోలాయన! నరకడూ మరి, కెమెరా నల్లగుడ్డలో తల దూర్చి కూడా వీరవేణక్కనే చూస్తుంటే!"

"మీ అక్కని చూశాడని ఇప్పటికీ కుళ్ళేనా నీకు?" అంది దుర్గాశ్రీ నీరసంగా.

"నా అక్కేంటే? పక్కింటి పిల్ల. పెద్దదాన్ని అక్కా అనక అత్తా అంటానా?"

దుర్గాశ్రీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మరి అక్కచెల్లెళ్ళని రాశారుగా!"

"ఇంట్లో చెప్పకుండా నరసాపురం పోయి ఫోటో దిగుతామంటే, ఎవరమ్మా మీరు అన్నాడు. అక్కచెల్లెళ్ళం అని చెప్పాం. నమ్మి రాసుకున్నాడు, పిచ్చివాడు. పెళ్ళయ్యాక తెలిసి ఎంత నవ్వుకున్నాడో!"

దుర్గాశ్రీ చుట్టూ చూసింది. భాస్కర్ లేడు. వరండాలోకి పరిగెత్తింది. వాన మొదలైంది. అతను బైకు తాళం తీస్తున్నాడు.

"భాస్కర్‌గారూ! మీరు నాకు అన్నయ్య కారండీ!"

"మొన్న మీరే అన్నారు కదండీ."

"పక్కనున్నావిడ మా నాన్నమ్మండీ. నిజంగా అక్కచెల్లెళ్ళే అనుకున్నాను. అప్పుడు మీరు నాకు అన్నయ్య వరసే కదా! కానీ కాదట. పక్కపక్క ఇళ్ళట."

భాస్కర్ మెట్లెక్కి దగ్గరికొచ్చాడు. అతని మొహంలో అయోమయం మెల్లగా విడిపోతోంది.

"అంటే నేనంటే విసుగొచ్చి కాదా అలా పిలిచింది?"

"విసుగా!"

"అయితే ఒక్క మాట చెప్పండి. నేను నిజంగానే అన్నయ్యనైతే మీకేంటండీ నష్టం?"

చూరు నీళ్ళు వాళ్ళిద్దరి పక్కనే ధారగా పడుతున్నాయి. దుర్గాశ్రీ ఆ ధారని చూసింది, మెట్లని చూసింది, అతని చొక్కా గుండీలని చూసింది. చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు. కళ్ళెత్తింది.

"చాలా నష్టమండీ," అంది.

అతను ఏదో అనబోయాడు. వెనక నుంచి సంపూర్ణమ్మ కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి, అతని గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకి తిప్పింది.

"వీరవేణక్క ముక్కే! దాని మనవడివా బాబూ? అయితే నాకూ మనవడివే."

"కాదు కాదు!" అన్నారిద్దరూ ఒక్కసారే.

సంపూర్ణమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడ పెదవులు నవ్వుకి సిద్ధమవుతున్నాయి.

"సరే. మరేం వరసో లోపలికొచ్చి మీ నాన్నకి చెప్పు దుర్గా, పద," అంది.