ఆరు గంటల బస్సు, ఖాళీ గంప

నాకు అన్నిటికన్న పెద్ద భయం ఒక్కటే. మా మామ గుండె ఎప్పుడన్న ఆగిపోతదేమోనని. నా బిడ్డ ఇప్పుడిప్పుడే ‘తాత’ అనుడు నేర్చుకుంది.

మామ పేరు ఎంకయ్య. రక్తపరీక్షల చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువ, మంచిది తక్కువ అని వచ్చింది. ఆ రోజే మా ఎల్లారెడ్డి ఇంట్ల లొల్లి మొదలైంది.

"కూరల చెంచెడు నూనె పోస్తున్నం. మరి కొవ్వు యాడికెల్లి వచ్చింది?" అన్నది అత్త భూమక్క.

"నాకేం ఎరుక? నీ మీది ప్రేమనే కొవ్వయ్యిందేమో," అన్నడు మామ.

"అనిలా, చూసినవా మీ మామ మాటలు. నేను బస్సు దిగేసరికి రోజూ బజ్జీల బండి పక్కనే ఉంటడు. దొంగతిండి."

అత్త రోజూ కామారెడ్డికి పోయి కూరగాయలు అమ్మి, ఆరు గంటల బస్సుకు తిరిగొస్తది. మామ ఎదురువోయి ఖాళీ గంప నెత్తిన పెట్టుకొని ముందు నడుస్తడు. పెండ్లయి నలభై ఏండ్లు. ఊరు నవ్వినా ఆ గంప ఆమె చేతికియ్యడు.

మర్నాడు దొంగను పట్టాలని అత్త ఒక బస్సు ముందే వచ్చి, మామకు కనపడకుండ ఒక స్టేజి ముందే దిగింది. ఫోన్ చేసి నన్ను గూడ రమ్మన్నది. బిడ్డను చంకనేసుకొని పోయిన.

మామ బస్టాండు కాడ బజ్జీల బండి పక్క రాయి మీద కూసున్నడు. ఒక దిక్కు కాలుతున్న చెత్తకుప్ప, ఇంకో దిక్కు నల్లటి పొగ ఇడుస్తున్న బండ్లు. మూతికి తువ్వాల అడ్డం పెట్టుకొని దగ్గుతున్నడు. చేతిల బజ్జీ లేదు. వచ్చిన ప్రతి బస్సు కిటికీలల్ల తొంగి చూస్తున్నడు.

"ఎన్ని తిన్నడు నగేశ్?" అని అత్త బజ్జీలాయనను అడిగింది.

"ఒక్కటి గూడ కొనలేదు భూమక్కా. ఊకె ఇచ్చినా ముట్టడు. నాలుగున్నరకే వచ్చి కూసుంటడు."

అత్త మామ దిక్కు తిరిగింది. "నా బస్సు ఆరింటికి గదా. గంటన్నర ముందు ఏం పని?"

మామ తల గోక్కున్నడు. "పోయిన వానకాలం నీ బస్సు ముందే వచ్చింది. వానల తడుసుకుంట, గంప మోసుకుంట ఒక్కదానివే వచ్చినవు. మళ్ల అట్ల కావద్దని."

అత్త కొంగుతోని ఆయన మొఖం మీది మసి తుడిచింది. నేను బిడ్డకు బస్సు చూపిస్తున్నట్టు అటు తిరిగిన.

ఇద్దరిని తోల్కపోయి డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పిన. "తిండి ఒక్కటే కాదమ్మా. ఈ వయసుల రోజూ పొగ పీలిస్తే మంచి కొలెస్ట్రాల్ తగ్గచ్చు, చెడ్డది పెరగచ్చు. గుండెకు మంచిది కాదు. గోలీలు మానద్దు, ఆ పొగల కూసోవద్దు," అన్నది.

"మరి గంప?" అన్నడు మామ.

"ఊరి మొదట్ల పొలాల కాడ దిగుత. బస్సు దగ్గరికి రాంగ ఫోన్ కొడ్త. అప్పుడే ఇంట్లకెల్లి కదులు," అన్నది అత్త.

"ఫోన్ల ఏమంటవు?"

"ముసలోడా, రా అంట. ఇంకేమంట?"

మూడు నెలలకు మళ్ల పరీక్ష చేస్తే మంచి కొలెస్ట్రాల్ కొద్దిగ పెరిగింది, దగ్గు తగ్గింది. నా భయం పూర్తిగ పోలేదు. గని ఫోన్ మోగంగనే మామ అద్దం ముంగట తల దువ్వుకుంటుంటే నవ్వొస్తది. పావుగంట తొవ్వ. ఖాళీ గంప తెచ్చుడుకు ఇద్దరికి గంట పడ్తది.

మీ ఇంట్ల గూడ ఒక పెద్దమనిషి పొద్దుగూకంగ యాడనో కూసుంటడు. యాడ కూసుంటడో, అక్కడ గాలి ఎట్లున్నదో, ఇయ్యాల ఒక్కసారి పోయి చూసి రాండ్రి.