రెండూ ఎడమ చేతులే

తెల్లారింది. తెల్లారక తప్పదు కాబట్టి తెల్లారినట్టుంది ఆ ఇంట్లో. కోడలు పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగుతుంటే చూస్తూ నిలబడింది. పొంగి, గట్టు మీదుగా కారి, నేల మీదికి దిగేదాకా చూసింది.

"పాలు పొంగుతున్నాయే అమ్మాయ్," అంది వెనకనుంచి అత్తగారు.

"చూస్తున్నా అత్తయ్యా."

"చూడ్డానికా పొయ్యి మీద పెట్టింది? కట్టెయ్."

కోడలు కట్టేసింది. గుడ్డ తెచ్చి తుడిచింది. తుడిచినచోటే మళ్లీ తుడుస్తుంటే అత్తగారు చేతిలోంచి గుడ్డ లాక్కుని, "వెళ్లి మిషను దగ్గర కూర్చో. ఇవాళ బ్యాంకాయన కోటుకి వస్తాడు," అంది.

ఇంటి ముందు గదే కుట్టు దుకాణం. మామగారి కాలం నుంచీ అక్కడ పని పంపకం ఒకటే: మగవాడు కత్తిరిస్తాడు, ఆడది కుడుతుంది. కత్తెర చేసినదాన్ని మిషను ప్రశ్నించకూడదన్నది ఇంటి ధర్మం. అత్తగారు మోకాళ్లు అరిగేదాకా అలాగే తొక్కి, ఆ పీటా ఆ ధర్మమూ కోడలికి అప్పగించింది.

కోడలి మొగుడు, ఇప్పటి టైలరు, మంచి పనివాడే, మధ్యాహ్నం దాకా. ఆ తరవాత ఆయన చేతిలో కత్తెర కన్నా సీసా నిలకడగా ఉంటుంది. ఆ సీసా ఒకసారి బొత్తాల డబ్బా వెనక, ఒకసారి ఇస్త్రీ బల్ల కింద కాపురం మారుస్తూ ఉంటుంది. దాచడం ఆయన వంతు, కనపడనట్టు ఉండడం ఆడవాళ్ల వంతు. మొదట్లో కోడలు వాటిని వెతికి పారబోసేది, ఏడ్చేది, ఒట్లు వేయించుకునేది. ఇప్పుడు సీసా ఎత్తి, కింద దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెడుతోంది. "దీనికి ఓర్పొచ్చింది," అని అత్తగారు పక్కింటావిడ దగ్గర మెచ్చుకుంది కూడా.

బ్యాంకాయన వచ్చాడు. మర్నాడు ఆయన పదవీ విరమణ. అద్దం ముందు నిలబడి కోటు తొడుక్కున్నాడు. ఎడమ చెయ్యి బాగా పట్టింది. కుడి చెయ్యి దూర్చాక ఆయన కాస్త మెలి తిరిగాడు.

"టైలరు గారూ, ఈ చెయ్యి నన్ను వెనక్కి లాగుతోందేమిటండీ?"

"కొత్త గుడ్డ కదండీ, బిగువుంటుంది. నాలుగుసార్లు తొడిగితే సర్దుకుంటుంది," అన్నాడు టైలరు, అప్పుడే లేచిన మొహంతో.

"కోటు సర్దుకుంటుందా, నేను సర్దుకోవాలా?"

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చింది. చేతిని మోచెయ్యి దగ్గర పట్టి చూసింది. కోటు చెయ్యి ముందుకి వంగాలి, మనిషి చెయ్యి వంగినట్టే. ఇది వెనక్కి వంగింది. ఆవిడ రెండో చెయ్యి కూడా పట్టి చూసి, కళ్లజోడు తీసేసింది.

"రెండూ ఎడమ చేతులేరా," అంది కొడుకుతో.

బ్యాంకాయన కోటు విప్పి బల్ల మీద పెట్టాడు. "పాతదే వేసుకుంటాలెండి. పాతబడ్డాననేగా నన్నూ పంపించేది," అన్నాడు. కోపం లేనట్టే అన్నాడు గానీ, గుమ్మం దాటాక తలుపు గట్టిగానే వేశాడు.

"గుడ్డ మడత పెట్టకుండా, ఎడమ చేతి ముక్కే రెండుసార్లు కోశావు. మీ నాన్న సుద్ద గీత గీస్తే వీధి చివరి నుంచి చూసేవాళ్లు. నీకు నీ ముక్కు కింద గీతే కనపడలేదు," అంది అత్తగారు.

టైలరు తల గోక్కున్నాడు. "తాగి కోశాను, ఒప్పుకుంటానమ్మా. మరి ఇది తాగలేదుగా. కుట్టేటప్పుడు కళ్లెక్కడ పెట్టుకుంది?"

ఇద్దరూ కోడలి వైపు తిరిగారు. ఆమె దారపు కండె చేతిలో తిప్పుతోంది.

"చూశానండి."

"ఏం చూశావు?"

"రెండూ ఎడమవేనని చూశాను. చూసే కుట్టాను."

"మరి చెప్పవేం?"

ఆమె ఆలోచించింది. అబద్ధం వెతకడానికి కాదు. నిజంగానే ఎందుకో గుర్తు తెచ్చుకోవడానికి. "ఏ చెయ్యి ఎటుంటే ఏముందిలే అనిపించింది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని టైలరు వెతికాడు. లేదు. ఉంటే బాగుండేది, దెబ్బలాడి, అలిగి, సాయంత్రానికి తాగడానికి ఒక కారణమన్నా దొరికేది.

"రేపట్నుంచి మానేస్తానే. ఒట్టు," అన్నాడు.

"సరేనండి."

"ఈసారి నిజంగా."

"మానండి. మానకపోయినా సరే. నాకు ఏదీ అనిపించట్లేదు."

"నన్ను తిట్టవే," అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఎప్పటిలా తిట్టు."

"తిట్టడానికి కూడా ఓపిక కావాలి కదండీ."

టైలరు ఆమె పీట పక్కన నేలమీద కూలబడ్డాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటినే చూస్తూ ఉండిపోయాడు. అత్తగారు మాత్రం కోడలి జుట్టు చూసింది. దువ్వెన పడి ఎన్నాళ్లయిందో. జాకెట్టు భుజం మీంచి జారుతోంది. కొలతలు తీసే ఇంట్లో మనిషి సగమైపోతే ఎవరి టేపుకీ అందలేదు. తను ఇన్నాళ్లూ ఓర్పని మెచ్చుకున్నది దీన్నా?

"లే," అంది. "చెప్పులేసుకో. డాక్టరు దగ్గరికి."

"ఆయన రారు అత్తయ్యా. ఎన్నిసార్లు అడిగాం."

"వాణ్ణెవడు రమ్మన్నాడు?"

"నేనూ వస్తానమ్మా," అన్నాడు టైలరు లేవబోతూ.

"నీ వంతూ వస్తుంది. కాళ్ల మీద నిలబడగలిగిన రోజు నువ్వే అడుగు, తీసుకెళ్తా. ఇవాళ దీని వంతు."

ఆస్పత్రిలో డాక్టరు చిన్న వయసావిడ. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "చెప్పండి, ఏమిటి ఇబ్బంది?" అంది.

కోడలు పాఠం అప్పజెప్పినట్టు మొదలెట్టింది. "మా ఆయన తాగుతారండి. పొద్దున బాగానే ఉంటారు. మధ్యాహ్నం అయ్యేసరికి..."

"వాడి సంగతి కాదే తల్లీ," అంది అత్తగారు. "ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదీ వాడి సంగతే మాట్లాడాం. వాడు మానితేనే నీకు నయమవ్వాలని ఎక్కడా రాసిలేదు. నీ సంగతి చెప్పు."

నా సంగతి. కోడలు లోపలంతా వెతుక్కుంది, ఖాళీ ఇంట్లో దీపం లేకుండా తిరిగినట్టు. డాక్టరు తొందరపెట్టలేదు.

"లేవాలనిపించదండి," అంది చివరికి. "అన్నం నోట్లో పెట్టుకుంటే గుడ్డ నమిలినట్టుంటుంది. ఎవరేమన్నా దూరంగా, పక్కింట్లో మాట్లాడుతున్నట్టుంటుంది. అందరూ ఓర్పంటారు గానీ... నేను ఓర్చుకోవట్లేదండి. నేనక్కడ ఉండట్లేదు, అంతే. ఏడుపు కూడా రాదు."

చెబుతుండగా చేతిమీద తడిగా ఏదో పడింది. మళ్లీ పడింది. ఆమె తలెత్తి, ఎక్కణ్ణుంచి కారుతోందా అని గది కప్పు వంక చూసింది.

అత్తగారు అరచేత్తో ఆమె చెంప తుడిచింది.

"నీ కన్నీళ్లేనే," అంది.