జాబితాలో చివరి పేరు

"మరి బటన్లేవీ?" అన్నాడు అపిసాయ్, కంప్యూటర్ తెరకి ముక్కు ఆనించినంత పని చేస్తూ.

"లేవు."

"బొమ్మలు?"

"అవీ లేవు."

"మరి నేనెక్కడ నొక్కాలి?"

"ఎక్కడా నొక్కకు. నీకేం కావాలో అక్షరాల్లో చెప్పు, అది చేసిపెడుతుంది. ఇన్నేళ్ళూ రేవులో నోటితోనే కదా నెట్టుకొచ్చావు!" అంది తోరిక.

నల్లటి తెర. దాని మీద ఆగి ఆగి మెరుస్తున్న చిన్న తెల్ల గీత. అపిసాయ్ దాన్ని చూశాడు, ఆమెని చూశాడు. ఆమెనే ఇంకాసేపు చూడాలనిపించింది గానీ, కొత్త మనిషి కదా అని ఊరుకున్నాడు.

రాజధాని సువా రేవు పక్కన, చేపల కొట్టు పైన మేడగదిలో ఉంది దీవుల పడవల సంఘం ఆఫీసు. ఏ పడవ ఏ రోజు ఏ దీవికి బయల్దేరుతుంది, ఎవరెవరు ఎక్కుతున్నారు, ఏమేం సరుకు వస్తోంది, ఇదంతా జాబితాగా రాయడం అపిసాయ్ పని. ఏడేళ్ళు సుద్దముక్కతో నల్లబల్ల మీద రాశాడు. ఇప్పుడు ఆ జాబితా వెబ్‌సైట్‌లోకి ఎక్కింది. దీవుల్లో జనం ఫోన్లో అది చూసుకుని, అమ్మమ్మ వస్తోందంటే అమ్మమ్మ కోసం, పిండి బస్తా వస్తోందంటే బస్తా కోసం, కొండలు దిగి రేవుకి నడిచొస్తారు.

ఆ వెబ్‌సైట్ ఉండేది సిడ్నీలో ఎక్కడో, ఓ పెద్ద కంప్యూటర్లో అద్దెకి తీసుకున్న చిన్న వాటాలో. సర్వర్ అంటారు. కాస్త స్తోమత ఉన్నవాళ్ళు దాన్ని నడపడానికి రంగురంగుల బటన్లుండే కంట్రోల్ ప్యానెల్ పెట్టుకుంటారు. సంఘం తీసుకున్న వాటా ఎంత ఇరుకంటే, ప్యానెల్ పెడితే ఇక జాబితాకి చోటు మిగలదు. అందుకే ప్యానెల్ లేకుండా చేత్తో నడపడం నేర్పమని, సంఘం పెద్ద కెప్టెన్ మొసేసే మూడు నెలల ఒప్పందం మీద తోరికని పిలిపించాడు.

"నీది ఏ దీవి?" అని అడిగింది ఆమె.

"లకెంబ. లౌ దీవుల వాణ్ణి."

"అయ్యో ఖర్మ! నేను కండవు దాన్ని."

ఇద్దరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. ఎందుకంటే లౌ వాళ్ళూ కండవు వాళ్ళూ తాతముత్తాతల నాటినుంచీ నైతాలు. నైతా అంటే ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటైనా అనుకోవచ్చు, ఒకళ్ళ ప్లేట్లో చేప ఇంకొకళ్ళు లాక్కుని తినొచ్చు, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. మన బావామరదళ్ళ వేళాకోళం లాంటిదే, కాకపోతే అక్కడ దీవులకి దీవులే వరస కలుపుకున్నాయి.

"కండవు వాళ్ళకి కంప్యూటర్లు కూడా వచ్చా? మీవి చిలగడదుంప బుర్రలనుకున్నానే."

"లౌ వాళ్ళకి నేర్పాలంటే ఆ బుర్రే కావాలి, ఓపిక ఎక్కువ. ఇక విను. నాతో ఎన్ని వేషాలైనా వెయ్యి. దీంతో మాత్రం వెయ్యకు. ఇది నీ నైతా కాదు. దీనికి జోకులు అర్థం కావు. చెరిపెయ్ అంటే చెరిపేస్తుంది, 'నిజంగానే అంటున్నావా' అని ఒక్కసారి కూడా అడగదు. ముందు # గుర్తు పెట్టి రాసిన వాక్యం ఒక్కటే పట్టించుకోకుండా వదిలేస్తుంది. అది మన తర్వాత వచ్చే మనిషి చదువుకోడానికి."

దానికి జోకులు అర్థం కావన్న మాట అతనికి పూర్తిగా అర్థమయింది రెండో వారంలో.

తోరిక శనివారం ఊరికి వెళుతోంది. సర్వర్లో రెండు జాబితాలుంటాయి, ఒకటి సాధన కోసం, ఒకటి అసలుది. సాధన జాబితానే కదా అని అపిసాయ్ హుషారుగా కొట్టాడు: "కండవు పడవ. ఉల్లిపాయలు పది బస్తాలు. వంటనూనె ఆరు డబ్బాలు. గయ్యాళి ఒకర్తి, జాగ్రత్తగా దించుకోగలరు."

పప్పులో కాలేశాడు. అది అసలు జాబితా!

సోమవారం పొద్దున్న తోరిక మెట్లెక్కి వస్తున్న చప్పుడికే అపిసాయ్ బీరువా వెనక్కి నక్కాడు.

"బయటికి రా! రేవు నిండా జనం. 'గయ్యాళి దిగిందా, గయ్యాళి దిగిందా' అని పాట కట్టారు. మా నాన్నయితే రెండు చేతులూ చాపి, జాగ్రత్తగా దించుకుంటానమ్మా అని నిలబడ్డాడు!"

"కోపమొచ్చిందా?"

"రాకూడదు కదా, అదే నా బాధ!" అంటూనే నవ్వేసింది. అతని మధ్యాహ్నం రోటీ పొట్లం మొత్తం జరిమానాగా లాక్కుంది.

కెప్టెన్ మాత్రం నవ్వలేదు. "ఒరేయ్, ఆ జాబితా నమ్ముకుని ముసలాళ్ళు కొండ దిగొస్తారు. అందులో ఉన్న ప్రతి ముక్కా నిజం కావాలి. ఇంకోసారి అబద్ధం కనిపిస్తే నీకు మళ్ళీ సుద్దముక్కే," అన్నాడు.

అప్పట్నించీ అపిసాయ్ వళ్ళు దగ్గర పెట్టుకుని నేర్చుకున్నాడు. ఎంత దగ్గర పెట్టుకున్నాడంటే, ఆరో వారానికే అంతా వచ్చేసింది. రోజూ పొద్దున్నే ఆరింటికొచ్చి ఒక్కడే సాధన చేసేవాడు. ఎనిమిదింటికి ఆమె రాగానే ఏమీ తెలియనట్టు మొహం పెట్టేవాడు.

"తోరికా, ఈ మాట ముందు గీత ఎందుకు?"

"నిన్ననే చెప్పాను."

"ఇంకోసారి చెప్పవూ."

ఆమె అతని భుజం మీదుగా వంగి చెప్పేది. కిటికీ అవతల సువా వాన, ఎప్పుడూ ఉండే వానే, రేకుల మీద దంచుతూ ఉండేది. ఆమె తలలోంచి కొబ్బరినూనె వాసన వచ్చేది. గీత ఎందుకో అతను నిజంగానే మర్చిపోయేవాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆమె నైతా కాబట్టి వేళాకోళం ఆడొచ్చు. కానీ నైతా నోటంట నిజం వస్తే నమ్మేదెవరు?

ఒకరోజు ఉడికించిన కసావా దుంప తింటూ ధైర్యం చేసి, "నువ్వంటే నాకిష్టం," అన్నాడు.

"కండవు వాళ్ళంటే అందరికీ ఇష్టమే. క్యూలో నిలబడు," అంది.

ఇంకోరోజు వానలో బస్సు కోసం ఒకే గొడుగు కింద నిలబడి, "నువ్వు లేకపోతే ఈ ఆఫీసులో నాకు ఊపిరాడదు," అన్నాడు.

"చేపల వాసనకి ఎవడికి ఆడుతుంది!" అని గొడుగు తన వైపుకి లాక్కుంది. అతను సగం తడిశాడు.

ఆమె ఒప్పందం వచ్చే శుక్రవారంతో సరి. ఆ సాయంత్రమే పడవెక్కి, ఇంకో దీవిలో ఉన్న లంబాసకి ఏడాది పనికి వెళ్ళిపోతుంది. ఈలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన మాట నిజమని ఆమె నమ్మాలి. లేకపోతే ఆమె జీవితాంతం అతన్ని ఓ మంచి జోకులా గుర్తుపెట్టుకుంటుంది.

శుక్రవారం రానే వచ్చింది. ఆఖరి పరీక్ష. సర్వర్‌కి రెండు తలుపులు. ఒకటి జనం జాబితా చూసుకునే తలుపు. రెండోది వీళ్ళిద్దరూ పని చేయడానికి వెళ్ళే తలుపు, దానికి రెండే తాళంచెవులు, ఆమెదొకటి, అతనిదొకటి. ఈ తలుపుల ముందు ఫైర్‌వాల్ అనే కాపలా గోడని అపిసాయ్ ఒంటరిగా మళ్ళీ కట్టాలి. అది అయ్యాక ఆమె తాళంచెవి తీసెయ్యాలి. అప్పగింత పూర్తి.

గోడ జోలికి వెళ్ళే ముందు రెండు పనులు చెయ్యడం తోరిక అలవాటు, అతనికీ అదే నేర్పింది. పక్కన ఇంకో కిటికీ తెరిచి లోపలే ఉండాలి. పది నిమిషాల్లో గోడ దానంతటదే పడిపోవాలని ముందే చెప్పి పెట్టాలి. పొరపాటున మన తలుపు మనమే మూసేసుకుంటే, పది నిమిషాలు టీ తాగి మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు. బటన్లు లేనివాళ్ళకి ఉన్న దిక్కు అదొక్కటే.

తోరిక కెప్టెన్ ఎదురుగా, ఆయన బల్ల దగ్గర కూర్చుని ఇటు వీపు తిప్పుకుంది. అపిసాయ్ వేళ్ళు టకటకమన్నాయి. తర్వాత ఆగిపోయాయి.

"ఏమయింది?"

"బయట పడ్డాను."

"హయ్యో! మన తలుపు మూసేశావా? రెండో కిటికీ?"

"అదీ మూసేశాను."

"తల ఉందా నీకు? మూడు నెలలు నా ప్రాణం తీశావు కదా! జాబితా?" ఆదరాబాదరా ఫోన్ తీసి చూసింది. జాబితా చక్కగా వస్తోంది. హమ్మయ్య అనుకుని కుర్చీలో కూలబడింది. "పది నిమిషాలైనా పెట్టావా?"

"పెట్టాను."

"బతికించావు. ఇక చేసేదేముంది, కూర్చో."

కెప్టెన్ గొంతు సవరించుకుని, చేపలు కొనాలంటూ కిందికి దిగాడు. ఆయన ఒంటికి చేపలు పడవని ఊరందరికీ తెలుసు.

"తోరికా, నేనొకటి చెప్పాలి. నవ్వకు. నువ్వు వెళుతున్నావంటే నాకు బాధగా ఉంది. మామూలు బాధ కాదు. పొద్దున్నే నీ అడుగుల చప్పుడు వినకపోతే నాకు రోజు మొదలవదు. నిన్ను పెళ్ళి చేసుకోవాలనుంది."

ఆమె ఒక్క క్షణం కళ్ళార్పకుండా చూసింది. తర్వాత చప్పట్లు కొట్టింది.

"బాగుంది! మొహం కూడా భలే పెట్టావు. ఆఖరి రోజు కదా, పెద్ద జోకే దాచుకున్నావు."

అపిసాయ్ కిటికీ వైపు తిరిగాడు. వాన మాత్రం తన మానాన తను పడుతోంది.

పది నిమిషాలయింది. గోడ పడింది, తలుపు తెరుచుకుంది. తోరిక కుర్చీ లాక్కుని, "ఎక్కడ తప్పు చేశావో చూద్దాం జరుగు," అంటూ అతను రాసిన వరసలు పైకి తెచ్చింది. నవ్వుతూనే చదవడం మొదలెట్టింది. నాలుగో వరస దగ్గర నవ్వు ఆగింది.

జనం తలుపు తెరిచి ఉంచమని రాశాడు. మన తలుపు మూసెయ్యమని రాశాడు. మర్చిపోయినవాడు అసలు రాయడు. ఇది కావాలని మూసిన తలుపు. కొండ దిగే ముసలాళ్ళకి ఏ లోటూ రాకుండా, తమ ఇద్దరినీ మాత్రమే బయట నిలబెట్టాడు. దాని పైన # గుర్తు పెట్టి ఒక వాక్యం: "ఆమెతో పది నిమిషాలు కావాలి. ఇంతకంటే ధైర్యం లేదు."

ఆమె మెల్లగా ఇంకా పైకి వెళ్ళింది. ఆరున్నర, ఆరుంబావు, ఆరు. నెలన్నరగా రోజూ పొద్దున అతను తప్పు లేకుండా చేసిన సాధన అంతా అక్కడుంది.

"నీకు అన్నీ వచ్చు."

"వచ్చు."

"గీత ఎందుకో కూడా తెలుసు."

"ఎప్పుడో తెలుసు."

తోరిక ఆ వాక్యం మళ్ళీ చదివింది. ఈ మూడు నెలల్లో ఆమె జోకెయ్యకుండా ఉండడం అతను చూడ్డం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని లేచి, సంచీ భుజాన వేసుకుంది.

"నీ మాట జోక్ కాదని ఈ తెర చెప్తోంది. కానీ మా నాన్నకి ఇది చదవడం రాదు. నైతా నిజం మాట్లాడుతున్నాడని తెలియడానికి మనవాళ్ళు ఓ పద్ధతి పెట్టారు, నీకు తెలుసు."

తెలుసు. తంబువా. తాడు కట్టిన తిమింగలం పన్ను. పెద్దవాళ్ళు రెండు చేతులా పట్టుకుని ఆడపిల్ల ఇంటివాళ్ళ ముందు పెట్టారంటే, ఇక ఏ దీవివాడైనా సరే, ఎవరూ నవ్వరు.

"మరి నీ తాళంచెవి? తీసెయ్యనా?" అన్నాడు అపిసాయ్.

గుమ్మం దగ్గర ఆగింది. "రూల్ ప్రకారం తీసెయ్యాలి," అంది. "ఒక నెల ఉండనీ."

మూడు వారాల తర్వాత గురువారం పొద్దున కెప్టెన్ కళ్ళజోడు పెట్టుకుని జాబితా పైకి చదివాడు.

"కండవు పడవ, శనివారం. గోధుమపిండి ఇరవై బస్తాలు. కిరోసిన్ నాలుగు పీపాలు. ప్రయాణికులు: అపిసాయ్, అతని పెదనాన్న, అతని మేనమామ. ఒక తంబువా." కళ్ళజోడు తీశాడు. "ఒరేయ్, జాబితాలో జోకులు వద్దన్నానా?"

"జోక్ కాదండీ."

కెప్టెన్ అతని మొహంలోకి చూశాడు. "మీ పెదనాన్నకి మాట నత్తి. మేనమామ నోరు విప్పడు. అక్కడ మాట్లాడేదెవరు? నా పేరు కూడా రాయి," అన్నాడు. అపిసాయ్ రాశాడు, రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాడు.

శనివారం పొద్దున్న రేవులో సన్నగా జల్లు పడుతోంది. పెదనాన్న తంబువాని గుడ్డలో చుట్టి గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. పడవ గుమాస్తా ఫోన్లో జాబితా చూస్తూ ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. మేనమామ, పెదనాన్న, అపిసాయ్, కెప్టెన్.

"ఇంకొకరున్నారే. తోరిక!"

"లేదే, నలుగురమే," అన్నాడు అపిసాయ్. ఫోన్ లాక్కుని చూశాడు. జాబితాలో చివరి పేరు తను రాసింది కాదు.

"కాస్త జరుగు లౌ నైతా, దారికి అడ్డం," అంది వెనకనుంచి ఓ గొంతు.

తిరిగి చూశాడు. తడిసిన జుట్టు, భుజాన అదే సంచీ. రాత్రి పడవలో లంబాసనుంచి వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు... ఎలా..."

"ఏం చెయ్యను మరి? నా తాళంచెవి ఇంకా పనిచేస్తోందో లేదో చూద్దామని పేరు రాశాను. తీరా అది ఒప్పుకుంది," అంది. "జాబితాలో అబద్ధం ఉండకూడదు కదా. అందుకని వచ్చేశాను."

అతను నవ్వలేదు, ఆమే నవ్వలేదు. కెప్టెన్ ఒక్కడే వాన నీళ్ళు తుడుచుకుంటున్నట్టు మొహం పక్కకి తిప్పుకుని, పడవ వేళయింది ఎక్కండి ఎక్కండి అని కేకలేశాడు. అపిసాయ్ ఆమె సంచీ అందుకున్నాడు.