మసి లేని పిస్టన్

బండి కింద వెల్లకిలా పడుకుని, నాగూర్‌వలి మూరెడు స్క్రూడ్రైవర్ మొనను ఛాసిస్‌కి ఆనించాడు. పిడిని కుడిచెవికి నొక్కుకుని కళ్ళు మూసుకున్నాడు. పైన కేబిన్లో డ్రైవరు మోటారు వేగం పెంచాడు, తగ్గించాడు, మళ్ళీ పెంచాడు.

"వెనక బేరింగు అరిగింది. మంట లేదు. వదిలేయండి," అన్నాడు వలి.

మాట మైకులో పడగానే, చప్పుడు విని బండ్లని ఆపే వినుగేటు కడ్డీ లేచింది. బండి చప్పుడు చేయకుండా ఆటోనగర్ రోడ్డెక్కింది. వలి మోకాళ్ళు పట్టుకుని లేచి, చెవి తుడుచుకుని, టీ తాగడానికి బల్ల మీద కూర్చున్నాడు.

శూన్యధూమ శాసనం వచ్చి పదకొండేళ్ళు. రోడ్డు మీద తిరిగే ప్రతి చక్రం బ్యాటరీతోనే తిరగాలి. అయినా మనవాళ్ళు ఊరుకుంటారా? చార్జింగు చాలక కొందరు బ్యాటరీ బండిలోనే చిన్న డీజిలింజన్ను దాచి, పొగను నీటిపీపాలో ముంచి తిప్పడం మొదలెట్టారు. ఈ ముసుగింజన్ల వాసన ఏ యంత్రానికీ చిక్కలేదు. అప్పుడు శాఖవాళ్ళు ఒక చెవిని వెతుక్కుంటూ వలి షెడ్డుకి వచ్చారు. ఇరవై ఏడేళ్ళు డీజిల్ పంపులు కట్టినవాడు. స్క్రూడ్రైవర్ ఆనిస్తే చాలు, ఎన్నో పిస్టన్ ఎంత అరిగిందో చెప్పేవాడు.

ఏడాదిపాటు అతను విన్న ప్రతి చప్పుడునీ, ఇచ్చిన ప్రతి తీర్పునీ యంత్రాలు చదివే శ్రుతిపటంగా మార్చారు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా నలభై ఒక్క వినుగేట్లు ఇప్పుడు అతని చెవితోనే వింటాయి. వలి హోదా మూలశ్రోత. గేటు తేల్చుకోలేని బండిని అతనే వింటాడు. గేటు తీర్పు తప్పని ఎవరైనా మొరపెట్టుకుంటే ఇక్కడికే రావాలి, అతనే పునఃశ్రవణం చేయాలి, అంటే మళ్ళీ వినాలి. ఇంతవరకూ ఒక్క తీర్పూ మారలేదు. ఆ సంగతి గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టారు, వలి మాత్రం దానికి వీపు పెట్టి కూర్చుంటాడు.

శాసనం మంచిదేనని అతనికి తెలుసు. పని నేర్పిన ఖాదర్ ఉస్తాద్ ఆ పొగలోనే బతికి, యాభై దాటగానే దగ్గి దగ్గి పోయాడు. ఇప్పుడు ఆటోనగర్లో తెల్లచొక్కా సాయంత్రానికీ తెల్లగానే ఉంటోంది. సిగ్గుపడాల్సింది శాసనాన్ని చూసి కాదు.

"వలిగారూ, కైకలూరు గేటు నుంచి ఒకటొచ్చింది. రొయ్యల ఐస్ బండి. మధ్యాహ్నం తుక్కు యార్డుకి పోవాలి, త్వరగా వినేయండి," అంది కేంద్రాధికారిణి వసుంధర, గాజుగదిలోంచి తల బయటపెట్టి.

బండి పక్కన నలభై అయిదేళ్ళ మనిషి నిలబడి ఉంది. పేరు దానమ్మ అని కాగితంలో ఉంది. చెప్పులు విప్పి ఒక పక్కన పెట్టింది, గుడికో చర్చికో వచ్చినట్టు.

"చెప్పులేసుకోమ్మా, నేల కాలుతోంది," అన్నాడు వలి.

"పర్లేదండి. ఎంతసేపు పడుద్దండి?"

"రెండు నిమిషాలు."

నిజానికి అర నిమిషం కూడా పట్టలేదు. స్క్రూడ్రైవర్ ఆనించగానే చెవిలో టక్కుమంది. పిస్టన్ సిలిండరు గోడని కొడుతున్న చప్పుడు. పాత మూడు సిలిండర్ల డీజిలింజన్ పిస్టన్, కచ్చితంగా. ఈ చప్పుడు అతను ఇంతకుముందు విన్నాడు.

ఎనిమిది నెలల క్రితం నాగాయలంక నుంచి పైడమ్మ అనే ఆవిడ ఇలాంటి బండే తెచ్చింది. "అది ఐస్ కంప్రెసరు బాబూ, ఒక్కసారి మూత తీసి చూడు," అని బతిమాలింది. చుట్టూ పదిమంది ఉన్నారు, శాఖ పెద్దలూ ఉన్నారు. "నా చెవికి మూతలు అడ్డం రావమ్మా," అన్నాడు వలి. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. బండి తుక్కు యార్డుకి వెళ్ళింది.

పది రోజుల తర్వాత ఏదో పని మీద యార్డుకి వెళ్తే ఆ బండి ముక్కలు కనిపించాయి. కంప్రెసర్ పగిలి లోపలి పిస్టన్ బయటపడి ఉంది. డీజిలింజన్ పిస్టనే, చెవి అబద్ధమాడలేదు. కానీ దాని తల మీద మసి లేదు. నూనెతో తళతళలాడుతోంది. కంప్రెసర్ పిస్టన్ అరిగిపోతే కొత్తది దొరక్క, ఎవరో మేస్త్రి తుక్కులోంచి పాత ఇంజన్ పిస్టన్ ఏరి, సాన పట్టి అందులో బిగించాడు. ఆటోనగర్లో పుట్టిన ఎవరైనా చేసే పనే. వలి కూడా ఎన్నోసార్లు చేశాడు. వేరేవాళ్ళ చెవి అయితే కంప్రెసరేనని వదిలేసేది. పిస్టన్ జాతి పోల్చగలిగిన చెవి కాబట్టే మోసపోయింది.

ఆ మర్నాడే నలభై ఒక్క గేట్లలో శ్రుతిపటం ఎక్కించే సభ. వలికి శాలువా కప్పారు. అతను నోరు విప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాడు, ఆ రేపు ఎనిమిది నెలలైంది. ఇంట్లో భార్య ఏమైందని అడిగితే చెవిపోటన్నాడు.

ఇప్పుడు బండి కింద పడుకుని లేవలేకపోతున్నాడు.

"ఏందండి, ఉందా?" దానమ్మ వంగి అడిగింది. "ఉంటే ఉందని చెప్పేయండి సార్. బండి పోతే పోయింది. నాకు తెలియాల్సింది ఒకటుంది."

"ఏంటమ్మా?"

"మా ఆయన ఏసుపాదం. ఈ బండి కట్టింది ఆయనే. గేటు పట్టుకున్నాక ఇంటికొచ్చి బైబిలు మీద చెయ్యేసి చెప్పాడండి, ఇంజన్ పెట్టలేదు దానమ్మా అని. నేన్నమ్మలేదు. ఆ గేటు వినేది ఎవరో పెద్దాయన చెవంట గదా, ఇంతవరకూ తప్పలేదంట. బైబిలు మీద కూడా అబద్ధమాడతావా అని నలుగురిలో అరిచాను. గుమ్మం దిగమన్నాను. మూడు వారాలైందండి. ఏలూరులో వాళ్ళక్క దగ్గరుంటున్నాడు. అన్నం సరిగా తినట్లేదంట."

ఆ పెద్దాయన తన ముందే నేల మీద పడుకుని ఉన్నాడని ఆవిడకి తెలియదు. వలి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

లేచి గాజుగదిలోకి వెళ్ళాడు. "మేడమ్, ఈ చప్పుడు ముద్ర మీద మొత్తం ఎన్ని బండ్లు పోయాయి?"

వసుంధర తెర చూసింది. "పదిహేడు. వాళ్ళెవరూ మొరపెట్టుకోలేదు. ఎందుకు?"

పదిహేడు. వలి ఉన్నదంతా చెప్పాడు, శాలువాతో సహా. వసుంధర లేచి తలుపు వేసింది.

"చూడండి, సంశయలాభం అని ఒక నిబంధన ఉంది. చప్పుడు స్పష్టంగా లేదని రాసేద్దాం. ఆవిడ బండి ఆవిడకి దక్కుతుంది. మీ తీర్పే తప్పని మైకులో అన్నారనుకోండి, శ్రుతిపటం మొత్తం రద్దవుతుంది. నలభై ఒక్క గేట్లూ తెరుచుకుంటాయి. మళ్ళీ పరీక్షలన్నీ అయ్యేదాకా నిజం ముసుగింజన్లన్నీ దర్జాగా పోతాయి. ఆ పొగ ఎవరు పీలుస్తారు? పిల్లలే గదా వలిగారూ."

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. తలూపి బయటికి వచ్చాడు. సంశయలాభం అన్న మాట నాలుక చివరికి కూడా వచ్చింది.

దానమ్మ ఎదురొచ్చింది.

"బండి వదిలేస్తామమ్మా. చప్పుడు సరిగా తెలియడం లేదు," అన్నాడు.

ఆవిడ మొహంలో సంతోషం కనపడలేదు. "తెలియడం లేదంటే? ఇంజన్ ఉన్నట్టా, లేనట్టా? ఆయన అబద్ధమాడినట్టా, కాదా సార్?"

వలి దగ్గర జవాబుంది. ఎనిమిది నెలలుగా ఉంది.

"మూత తీద్దాం పదమ్మా," అన్నాడు.

శ్రోతలు మూత తీయకూడదన్నది రూలు. అతను గ్యాసు వాల్వులు కట్టేసి, పెట్టె మీద శాఖ ముద్ర తెంపాడు. కంప్రెసర్ హెడ్డు బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. గాజుగదిలోంచి వసుంధర పరుగెత్తుకొచ్చింది గాని, పక్కన నిలబడిపోయింది. హెడ్డు లేచింది. పిస్టన్ తల మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు దానమ్మకి చూపించాడు. నూనె తప్ప ఏమీ లేదు.

"మంట వెలిగితే మసి ఉండాలమ్మా. ఇందులో ఎప్పుడూ మంట వెలగలేదు. మీ ఆయన చెప్పింది నిజం."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

వలి మైకు దగ్గరికి నడిచాడు. "మూలశ్రోత నాగూర్‌వలి. ఈ తీర్పు తప్పు. నాగాయలంక పైడమ్మ బండి మీద నేనిచ్చిన తీర్పూ తప్పే. దాన్నిబట్టి పోయిన బండ్లన్నిటికీ తప్పు నాదే. ఎనిమిది నెలల కిందటే నాకు తెలుసు. దాచిపెట్టాను."

గంట మోగి, తెర మీద పడింది: మాట ఉపసంహరణకు అరవై క్షణాలు. వసుంధర అతని వైపు చూసింది. ఆపమని చేత్తో సైగ కూడా చేసింది, సగం దాకా. అతను కదలలేదు. అంకెలు తగ్గి తగ్గి సున్నాకి చేరాయి. ఎదురుగా కడ్డీ లేచి అలాగే నిలబడిపోయింది. తెర మీద ఇచ్ఛాపురం, అనకాపల్లి, కైకలూరు, ఒంగోలు, తడ, ఒక్కొక్క పేరూ ఆరిపోయింది. బయట వరసలో ఉన్న లారీలవాళ్ళు ఏమైందో అర్థంగాక కాసేపు ఆగి, ఒకరి వెనక ఒకరు బయల్దేరారు. వాటిలో ఒకదాని కడుపులో మంట చప్పుడు వలికి స్క్రూడ్రైవర్ లేకుండానే వినిపించింది. దాన్ని ఆపే అధికారం అతనికిప్పుడు లేదు.

దానమ్మ ఫోన్ కలిపింది. అవతలివైపు మగగొంతు హలో అనగానే ఫోన్ వలి చేతిలో పెట్టింది.

"మీరే చెప్పండి సార్. నాకు మొహం చెల్లట్లేదు."

"హలో, ఎవరండీ?" అన్నాడు ఏసుపాదం.

వలి ఫోన్ కుడిచెవికి మార్చుకున్నాడు.

"మీ బండిని తప్పుగా విన్న ఆ చెవి నాదే, ఏసుపాదంగారూ," అన్నాడు.