పవర్ హాలిడే రాత్రుల్లో ఎనిమిదో షెడ్డు

ఒకటే అడుగుత, సూటిగ చెప్పండి — పొద్దుగూకినంక ఎనిమిదో షెడ్డు ముందు నుంచి నడిచిపోయినోళ్లు మీలో ఎంతమంది?

చేతులు లేపకండి. నాకు తెలుసు. నాచారం పారిశ్రామికవాడ వెనుక నుంచి చిల్కానగర్‌కు వచ్చే ఆ అడ్డదారిలో మీసాలు తిప్పే మగోళ్లే బండి స్పీడు పెంచుతరు. ఆటోవాళ్లు ఆ దారి పేరు చెప్తేనే తల అడ్డంగ ఊపుతరు. గేటుకు ఎవరు కట్టిన్రో, ఎప్పుడు కట్టిన్రో తెలియదు — నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు నల్లగ మాడి వేలాడుతుంటయి.

ఒకప్పుడు అది బోల్టులు చేసే షెడ్డు. రెండువేల ఆరులో మూతబడ్డది. మిషన్లన్నిటినీ పాత ఇనుము కింద అమ్మేసిన్రు. లారీలకు ఎక్కిస్తుంటే వాడకట్టంతా నిలబడి చూసింది. లోపల ఇప్పుడు సిమెంటు దిమ్మెలు తప్ప ఏమీ లేవు.

మరి ఆ చప్పుడు ఏంది?

అది రోజూ వినపడదు. కరెంటు కొరత అని ఫ్యాక్టరీలకు వారంలో రెండు మూడు రోజులు పవర్ హాలిడే ఇస్తున్నరు గదా, ఈ 2012లో — ఆ రాత్రుల్లనే. చుట్టుపక్కల షెడ్లన్నీ ఆగిపోతయి. గాలి కూడా ఆగినట్టుంటది. అప్పుడు... మిషన్లు లేని షెడ్డులో మిషన్ నడుస్తది. ఢక్... ఢక్... బరువు మోసి మోసి అలిసినోడు అడుగులేసినట్టు. దాని వెనుక ఒక మగగొంతు. బాయి అడుగు నుంచి వచ్చినట్టు, ఒక్కొక్క అక్షరం సాగి సాగి...

ప్రెస్సు కింద చెయ్యి పోయినోడు తిరుగుతున్నడని కొందరు. పూలమ్మే దుర్గాభవాని అయితే, "మనిషి గొంతు కానే కాదు, నా చెవులతోని విన్న" అని ఒట్టు పెట్టి చెప్తది.

నేను చెప్పేది పద్మశ్రీకి జరిగింది. ఆమె నోటి నుంచి విన్నదే. నేను కలిపింది ఏమీ లేదు.

పద్మశ్రీ నా దోస్తు. నాచారంలో మసాలా పొడులు పరీక్ష చేసే ల్యాబులో పని. వాళ్ల నాన్నది రైల్వే ఉద్యోగం. రాజమండ్రి నుంచి వచ్చి చిల్కానగర్‌లో ఇల్లు కట్టుకున్నరు. ఆమెకు ఒక అన్న ఉండె — నరేన్. రెండువేల నాలుగులో ఉప్పల్ రింగు రోడ్డు మీద లారీ గుద్దింది. అతనికి అప్పుడు ఇరవై రెండు. ఆమెకు పదిహేను.

ఆమె ఏడవలేదు. ఆ రోజు ఏడవలేదు, పదకొండో రోజు ఏడవలేదు, సంవత్సరీకం నాడూ ఏడవలేదు. అన్నం తింటది. డ్యూటీకి పోతది. జోకేస్తే నవ్వుతది కూడా — ఆ నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడనే నిలబడుతది.

నరేన్ వినే పాటలు ఇంట్ల ఎవరికీ పట్టేవి కావు. కోఠి ఫుట్‌పాత్ మీద వెతికి వెతికి తెచ్చేటోడట, ఎక్కడెక్కడి దేశాల క్యాసెట్లో. ఒక వైపంతా ఒకటే పాట. మాటలుండవు. గిటారు నీళ్లల్ల మునిగి మోగినట్టుంటది. వెనక్కి తిప్పిన టేపుల చప్పుళ్లు, రేడియో గరగరలు, ఎవరో నిద్రలో గొణిగినట్టు ఏవో గొంతులు. రాత్రి అన్నాలు తిన్నంక లైటు ఆపి, చెల్లెల్ని ఎదురుగ కూర్చోబెట్టేటోడు.

"పాట కోసం వెతక్కు. ఒక్క చప్పుడు పట్టుకో. అదెటు వెళ్తే అటు వెళ్లు."

ఆమె ఐదు నిమిషాల్లో నిద్రపోయేది.

తర్వాత తనే ఒక ఆల్బం చేసిండు. రెండు వైపులూ నిండినంక ఇంట్లనే ఇరవై కాపీలు తీసి దోస్తులకు పంచిండు. చెల్లెలికి మాత్రం వినిపించలేదు. "నువ్వు నిద్రపోని రోజు వినిపిస్తా" అన్నడట. ఆ నెలలోనే పోయిండు.

వాళ్లమ్మ తారామణి ఆంటీ ఆ క్యాసెట్లను ఇంట్ల చూడలేకపోయింది. అన్నిటినీ బస్తాలో కట్టి పాత సామాన్ల బండికి ఇచ్చేసిన్రు. ఒక్కటి మిగలలేదు.

ఒకసారి పద్మశ్రీ నాతో అన్నది — "వాడి మొహం గుర్తుందే. గొంతే రావట్లేదు. ఎంత తలుచుకున్నా... టీవీలో సౌండు తీసేసినట్టు పెదాలు కదులుతాయి, అంతే."

అన్న గొంతు ఒక్కసారి వినాలె. ఎనిమిదేండ్లలో ఆమె కావాలన్నది అదొక్కటే.

ఇక ఆ రాత్రి.

బుధవారం. పవర్ హాలిడే. ల్యాబులో జనరేటర్ మీద పని ముగించుకొని బయటపడేసరికి ఎనిమిదయింది. స్కూటీ పంక్చరు. నడుద్దాంలే అనుకొని అడ్డదారి పట్టింది.

వీధిదీపాలు లేవు. చేతిలో ఫోను లైటు ఒక్కటే. ఎనిమిదో షెడ్డు గోడ మొదలైన దగ్గర...

ఢక్.

ఆగింది. మళ్లీ... ఢక్... ఢక్...

భయం రాలేదట. "రావాలి కదా అనుకున్నాను. దానికోసం ఎదురుచూశాను కూడా" అన్నది నాతో. కూరలో ఉప్పు లేదని చెప్పినంత మామూలుగ చెప్పింది.

ఢక్... ఢక్... ఒకటి ముందు, ఒకటి వెనుక. కీచుమని ఏదో సాగింది. సాగి సాగి తెగింది. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నుంచి, గోడ అవతల —

"ప... ద్దూ..."

అది ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ పిలవని పేరు.

"లై... టు... ఆ... పె... య్..."

చేతిలో ఫోను వెలుగుతున్నది. ఆమె ఆపేసింది.

నేనైతే ఉరికేదాన్ని. మీరైతే ఉప్పల్ డిపో దాకా వెనక్కి తిరిగి చూడకపోదురు. ఆమె మాత్రం చీకట్ల గోడ తడుముకుంట గేటు దాకా పోయింది. గొలుసు వదులుగ ఉన్నది. సందులో నుంచి దూరింది.

లోపల... నేలకు మూరెడు ఎత్తులో ఒక ఎర్ర చుక్క. పెరిగింది. తగ్గింది. మళ్లీ పెరిగింది.

"నరేన్" అన్నదట. గట్టిగ కాదు.

ఎర్ర చుక్క కింద పడ్డది.

"ఎవలు... ఎవలది... కాళ్లు సూపియ్. ముందుగాల కాళ్లు సూపియ్."

అగ్గిపుల్ల వెలిగింది. దాని వెనుక ఒక ముసలాయన. మెడ దాకా దుప్పటి, పక్కకు పడ్డ బీడీ. ఆమె ముఖం చూడటం లేదు, పాదాలే చూస్తున్నడు.

పద్మశ్రీ చెప్పులు విడిచి, కాళ్లు ముందుకు పెట్టి చూపించింది.

"ముందుకే ఉన్నయి" అన్నడు ఊపిరి వదిలి. "గిట్ల చేస్తరా బిడ్డా? పాణం పోయేటట్టయింది. ఈ షెడ్డుల దెయ్యమున్నదంటరు, నీకు తెల్వదా?"

"తెలిసీ మీరుంటున్నారుగా."

"డ్యూటీ గదా మరి. నా డ్యూటీ దెయ్యం జేస్తదా?"

ఆయన పేరు కొమురెల్లి. ఊరు జనగామ దిక్కు. పంతొమ్మిదేండ్లు ఇదే షెడ్డుల ప్రెస్సు నడిపిండు. మూతబడ్డంక ఇదే షెడ్డుకు వాచ్‌మన్ అయిండు. ఆయన పక్కన ఒక పాత టేప్‌రికార్డర్. లోపల క్యాసెట్ తిరుగుతున్నది — మోకాళ్ల నొప్పులున్నోళ్లు మెట్లెక్కినంత మెల్లగ.

"ఇంత నెమ్మదిగా తిరుగుతోందేంటి తాతా?"

"షెడ్డుకు కరెంటు ఏడిది బిడ్డా? సెల్లుల మీద నడవాలె. అయిపోయిన సెల్లులను పగలంత రేకుల మీద ఎండల పెడ్త. రాత్రికి జర పాణమొస్తది."

ఆ జర పాణంతోనే, సగం వేగంతో, ఇరవై రెండేండ్ల గొంతు బాయి అడుగు గొంతయింది. మీరు నిమ్మకాయలు కట్టింది ఎండిన సెల్లులకు.

"పవర్ హాలిడే రోజే ఎందుకు పెడతారు?"

"తక్కిన రోజులు పక్క షెడ్లు నడుస్తయి గదా. ఇన్నేండ్లు చప్పుడులనే పండుకున్న. చప్పుడు లేకుంటే నిద్ర వట్టదు."

క్యాసెట్ ఎక్కడిదని ఆమె అడగలేదు. ఆయనే చెప్పిండు.

"అప్పట్ల ఓ పిల్లగాడొచ్చిండు మైకు పట్టుకొని. మూడు రాత్రులు గీడనే కూసున్నడు. పాట పాడమంటడేమో అని మా ఉప్పలయ్య గొంతు సవరించుకున్నడు. 'నువ్వొద్దు మామా, నీ మిషన్ పాడుతుంది' అన్నడు. కడుపుబ్బ నవ్వినం. పిచ్చి లేసిందనుకున్నం. నెలకు మల్లొచ్చి గిది ఇచ్చిండు. రెండో దిక్కు ఖాళీ ఉన్నది. 'అది ఇంకా అవ్వలేదు, దాంట్లో మా చెల్లితో మాట్లాడాలి, అయ్యాక నింపి తెస్తా' అన్నడు. మల్ల రాలే."

ఎందుకు రాలేదో పద్మశ్రీ చెప్పలేదు.

"మళ్లీ మొదట్నుంచి పెట్టండి" అన్నది.

చీకట్ల ఇద్దరూ సిమెంటు దిమ్మె మీద కూర్చున్నరు. ముసలాయన ఒక్కొక్కటి వేలెత్తి చూపించిండు, అక్కడ మిషన్ ఉన్నట్టే.

"గిది రెండో నంబరు ప్రెస్సు. బేరింగు వోయింది, ఇను... నడుమ కుంటుతది. గిది ఉప్పలయ్యది. రెండూ ఒక్కపారి మొదలైతయి. ఒకటి జర తొందరపడ్తది. ఎడమైతయి... ఎడమైతయి... నువ్వు తొందరపడకు... ఇగో. కలిసినయి."

కలిసిన దగ్గర ఆయన చెయ్యి గాలిలో నిలబడ్డది, కచేరీ ముందు వరుసలో కూర్చున్నోళ్ల లెక్క.

"షెడ్డుల ఎన్నడు గిట్ల కలవలే బిడ్డా. గా పిల్లగాడు కలిపిండు. నడిపినోల్లం మేము. మిషన్లల్ల గింత ఉందని మాకే తెల్వకపాయె."

ఆ రాత్రి పద్మశ్రీకి నిద్ర రాలేదట. ఒక చప్పుడు పట్టుకున్నది. అది పోయిన దిక్కల్లా పోయింది.

మర్నాడు సాయంత్రం కొత్త సెల్లులు కొనుక్కొని, నన్నూ తోలుకపోయింది. ఈసారి టేపు సరిగ్గ తిరిగింది. మిషన్లు చకచక నడిచి ఆగినయి. తర్వాత ఒక సన్నని, హుషారు గొంతు, నవ్వు ఆపుకుంట —

"పద్దూ, లైటు ఆపెయ్."

ఆమె టేపు ఆపింది. తర్వాత, "తమ్ముడి గొంతులా ఉందే" అన్నది. ఆమెకిప్పుడు ఇరవై మూడు.

"ఏడుపొచ్చిందా?"

"రాలేదు. వాడు నాతో మాట్లాడిన వైపు కావాలి. ఆ ఇరవైలో ఒకటి దొరికితే చాలు."

క్యాసెట్ డబ్బా నా చేతికి ఇచ్చింది. పెండ్లి కార్డు వెనుక వైపు కత్తిరించి చేసిన అట్ట. పేరు లేదు. నడుమ నీలి ఇంకు బొటనవేలి ముద్ర ఒక్కటే.

అప్పుడు... నాకు నిజంగ చెమటలు పట్టినయి.

ఆ వేలిముద్రను నేను చూసిన. మా ఇంట్ల.

మా ప్రశాంతన్న, నరేన్ ఒకటే కాలేజీ. ఆ రాత్రి నేను ఇంటికి పోయి, చెప్పుల డబ్బాలో ఉన్న పాత క్యాసెట్లన్నీ మంచం మీద కుమ్మరించిన. దొరికింది. అదే అట్ట, అదే ముద్ర. క్యాసెట్ నెత్తి మీద రెండు చిన్న బొక్కలుంటయి, మళ్ల రికార్డు కాకుండ. ఆ రెండు బొక్కలల్ల, మళ్ల రికార్డు అయ్యేటట్టు, కాగితం ముక్కలు కుక్కి ఉన్నయి.

కుక్కింది నేనే. డిగ్రీలో ఉన్నప్పుడు, వక్తృత్వ పోటీకి నా గొంతు నేనే విని దిద్దుకుందామని, ఇంట్ల పనికిరాని క్యాసెట్ ఏదని వెతికితే ఇది దొరికింది. ఐదు నిమిషాలు విన్న. ఏదో మిషన్ గోల. మాటలే లేవు. రికార్డు బటన్ నొక్కిన. రెండు వైపులా.

పద్మశ్రీకి చెప్పిన. వాళ్ల మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన, క్యాసెట్, టేప్‌రికార్డర్ చేతుల పట్టుకొని, నిలబడే చెప్పిన.

"దేని మీద మాట్లాడావు?" అన్నది.

"సైన్సు వరమా, శాపమా."

"ఏమన్నావు?"

"ఒక వైపు వరమని. రెండో వైపు శాపమని. ఏది వచ్చినా సిద్ధంగ ఉండాలని."

"గెలిచావా?"

"రెండో బహుమతి."

తలూపింది. తిట్టలేదు. తిడితే బాగుండు.

"రెండో వైపు పెట్టు" అన్నది.

ముందుకు తిప్పుత అంటే, టేపు నలుగుతుంది, వద్దన్నది. ఇరవై తొమ్మిది నిమిషాలు, అదే స్పీచు మళ్ల మళ్ల, నా గొంతు ఆ మిద్దె మీద అరిచింది. అధ్యక్షా అన్నది, న్యాయనిర్ణేతలారా అన్నది. ఆమె ఒక్క మాట దాటవేయకుండ విన్నది. చివరికి "ధన్యవాదాలు" అన్న. ఠక్.

గరగర...

నేను చెరపకుండ వదిలేసిన చివరి కొస. పదకొండు సెకన్లు.

"...అయిపోయిందనుకుని లేచిపోకు పద్దూ. ఇంకా ఉంది."

టేపు అయిపోయింది.

పద్మశ్రీ లేవలేదు. ట్యాంకు నిండి నీళ్లు పొర్లి ఆమె పాదాల కిందికి వచ్చినా లేవలేదు.

ఇంకా పంతొమ్మిది ఉన్నయి. ఉప్పల్‌లో, నాచారంలో, తార్నాకలో, మీ అన్నలు చదువుకున్న గదుల్లో. ఈ ఆదివారం అటక ఎక్కండి. పెండ్లి కార్డు అట్ట, నీలి వేలిముద్ర. బొక్కలల్ల కాగితం కుక్కి ఉన్నా సరే, దాని మీద మీ పెండ్లి బాజాలున్నా, మీ బాబు ఏడుపున్నా సరే — కొత్త సెల్లులు వేసి, రెండో వైపు పెట్టి, మీ గొంతు ఆగినంక కూడా ఆపకుండ చివరిదాకా వినండి. ఎక్కడన్న ఒక పిల్లగాడు "పద్దూ" అంటే, ఆ బటన్ మళ్ల నొక్కకండి. తెచ్చి ఆమె చేతుల పెట్టండి.